గులాబీ పెట్టెలో దవనం

పెనుకొండ దర్గా వీధిలోని తన అత్తరు దుకాణానికి ఎవరు వచ్చినా ఫక్రుద్దీన్ ముందుగా అనే మాట ఒకటే: “చేయి చాపు.” చాపిన చేయి పురుషునిదా, స్త్రీదా అన్న విచారణ అతనికి ఉండేది కాదు. ఆ చేతిని తాను తాకేవాడు కాడు. గాజుకడ్డీ కొనతో చేతి వెనుక ఒక్క చుక్క పెట్టి, “ఆరనీ. ఇప్పుడే ముక్కుకాడ పెట్టుకుంటే నీకు నూనె తెలుస్తాది గాని ఆకు తెలీదు” అనేవాడు. అతని కుడి చెవి మడతలో వేరుసెనగ గింజంత దూది ఎప్పుడూ ఉండేది. శుక్రవారం నమాజుకు వెళ్లేముందు ఆ దూదిని మార్చి, కొత్తదానికి తాను చేసిన దవనం అత్తరు అద్దుకునేవాడు.

మేమిద్దరం పెనుకొండ పాఠశాలలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. అతడు ఎనిమిదవ తరగతితో చదువు చాలించి తండ్రి అత్తరు దించే రాగిబాన ముందు కూర్చున్నాడు. నేను ఆంగ్ల సాహిత్యం చదివి, హిందూపురం కళాశాలలో అధ్యాపకునిగా చేరి, అక్కడే పదవీ విరమణ పొందాను. నా చొక్కాలకు దవనం వాసన లేని సంవత్సరం నాకు జ్ఞాపకం లేదు.

దవనం తెలియని ఇల్లు మా సీమలో లేదు. ఆడపిల్లలు కనకాంబరాల నడుమ ఆ రెమ్మలను కట్టి జడలో తురుముకుంటారు. దేవుని పటాలకు వేస్తారు. మా తండ్రిగారు ఉతికిన పంచెల మడతల్లో దాచుకునేవారు. ఫక్రుద్దీన్ ఆ మొక్కలను బానలో ఉడికించి, ఆవిరిని గంధపు నూనెలోనికి దింపి, నెలల తరబడి ఊరనిచ్చేవాడు. చూపు మందగించిన తరువాత మంట అదుపు తెలియక ఒకనాడు బాన అడుగు మాడింది. ఆనాటితో తయారీ ఆగిపోయింది. అమ్మకానికి మిగిలిన అత్తరు పోగా, తన కోసం ఒక సీసా పక్కన పెట్టుకున్నాడు.

“ఇది నా చెవికి,” అన్నాడు నాతో. “మిగిలింది నా కఫన్‌కు.” కఫన్ అంటే శవానికి చుట్టే తెల్లబట్ట.

నిరుటి ఉరుసుకు ముందు బెంగళూరు నుండి ఒక సుగంధద్రవ్యాల కంపెనీవారు వచ్చారు. దుకాణపు వ్యవహారం అప్పటికి కొడుకు ఇర్షాద్ చేతికి వచ్చింది; దుకాణంలోని దవనం అత్తరును అతడు వారికి అమ్మాడు. పెనుకొండ పేరు పెట్టి వారొక లిమిటెడ్ ఎడిషన్ విడుదల చేశారు. ఎడిషన్ అన్న మాటను పుస్తకాల విషయంలో నా ఉద్యోగకాలమంతా వాడినవాణ్ణి. సెంటుసీసాలకు కూడా అది ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాను. పెట్టెలు రెండు రకాలు. నల్లపెట్టె పురుషులకు. అందులో తోలునూ పొగాకునూ తలపించే ఘాటైన సెంటు, దానితోపాటు చిన్న ఇత్తడి గుర్రం. గులాబీ రంగు పెట్టె స్త్రీలకు. అందులో దవనం, ఇత్తడి చిలుక. దవనాన్ని ఆడవారు జడలో పెట్టుకుంటారు గనుక అది ఆడవారి వాసన అని ఎవరో బెంగళూరులో కూర్చుని నిర్ణయించారట. ప్రతి పెట్టెకూ ఒక నంబరు. అన్నింటిలోనూ స్పిరిట్ కలిపిన స్ప్రే. గులాబీ పెట్టెల్లో ఒకటో నంబరుకు మాత్రం ప్రత్యేకత ఉంది. అందులో ఏదీ కలపని అసలైన అత్తరు, తయారుచేసిన మనిషి సొంత సీసాలోనిది, ఉంటుందని ప్రకటించారు.

ఆ సీసాను ఇర్షాద్ ఫోటో కోసమని తండ్రి బీరువాలోనుండి తీసుకుపోయాడు. అది తిరిగి రాలేదు.

హిందూపురం బస్టాండు ఎదుట పెద్ద బోర్డు వెలిసింది. ఒకవైపు గుర్రంపై గడ్డపు యువకుడు, మరొకవైపు గులాబీ చీరలో ముఖం పక్కకు తిప్పుకున్న యువతి. ఆ తరువాత ఒకనాడు నేను దుకాణంలో కూర్చుని ఉండగా, కాలేజీ కుర్రవాడొకడు సీసా అడుగున మిగిలిన దవనంతో ఫక్రుద్దీన్ గాజుకడ్డీ ముందుకు రాగానే చేయి వెనక్కు లాక్కున్నాడు.

“తాతా, అది ఆడోళ్ళది. నాకు గుర్రం బొమ్మది పుయ్.”

పక్కనున్న స్నేహితుడు నవ్వాడు. “తాత చెవులో యాముందో చూడు రా. కమ్మలొకటే తక్కువ!”

వాళ్లు వెళ్లిన తరువాత ఫక్రుద్దీన్ గాజుకడ్డీని గుడ్డతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

“ఏమప్పా, నువ్వు శానా చదివినోడివి. దవనానికి జడ యాడ ఏలాడుతాందో నాకు చూపీ. దానికి మీసం యాడ మొలుస్తాదో చూపీ. చిన్నప్పట్నించి దానితోనే ఉండా, నాకు కనపళ్ళేదు.”

సీసాను వెనక్కు అడుగుదామని నేను అన్నాను. అతడు ఒప్పుకోలేదు.

“బిడ్డ ఇచ్చినాడు. ఇచ్చినదాన్ని మళ్ళా అడిగేది మా ఇంట్లో లేదు.” కొంచెం ఆగి, చెవిలోని దూదిని వేలితో సర్దుకున్నాడు. “అయితే ఒకటి. నన్ను పూడ్చేదినం నాకు దవనమే పుయ్యల్ల. ఆడోళ్ళ వాసనని ఎవురన్నా నవ్వితే నవ్వనీ. నేను యింటానా ఏమన్నా?”

చివరి మాటకు నవ్వాడు గాని, ఖాదర్‌బీ నవ్వలేదు. ఆమె అతని భార్య. తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఆ శుక్రవారానికి అద్దుకోవడానికి చుక్క మిగలలేదు; అప్పటినుండి అతడు దూది మార్చలేదు. స్నానానికి ముందు తీసి గూట్లో పెట్టి, మళ్లీ అదే పెట్టుకునేవాడు.

ఈ వేసవిలో ఒక వేకువన ఖాదర్‌బీ ఫోను చేసింది.

“అన్నా, ఆయన లేయలేదు,” అన్నది. “ఫజర్ నమాజుకు పిలిస్తి. లేయలేదు.”

నేను మా పక్కింటివారి కారు, డ్రైవరుతో సహా అడిగి తీసుకుని, ఎండ ఎక్కకముందే పెనుకొండ చేరాను. ఇంటి ముందు అరుగు మీద బంధువులు కూర్చుని ఉన్నారు. సాయంత్రం అసర్ నమాజు తరువాత ఖననమని నిశ్చయించారు. ఫక్రుద్దీన్ ముంగిట్లో మంచం మీద, తెల్లని దుప్పటి కింద ఉన్నాడు. ముఖం మీది వస్త్రం తీసి చూపించారు. చెవిలో దూది ఇంకా ఉంది.

ఖాదర్‌బీ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే ఏడవలేదు. ఏడ్చి ముగించిన ముఖం అది.

“అన్నా, స్నానం చేపించినాక అత్తరు పుయ్యల్ల. నుదుటికి, ముక్కుకి, చేతులకి, మోకాళ్ళకి, పాదాలకి. సజ్దాలో నేలకు తగిలే తావులన్నిటికీ. ఇంట్లో చుక్క లేదు.”

ఇర్షాద్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. “అమ్మా, దుకాణంలో నల్లపెట్టెవి ఉండాయి...”

“దాంట్లో స్పిరిట్ ఉంటాది, సారాయి జాతి. అది కఫన్‌కు పూస్తారా రా? అత్తరోళ్ళ ఇంట్లో పుట్టినావు, ఇది గూడా నేను చెప్పల్నా?”

“బజార్లో గులాబీపూల అత్తరు దొరుకుతాది. దాంట్లో స్పిరిట్ ఉండదు. అది తెస్తా.”

“ఆయన దవనం అన్నాడు.”

“అందరూ వస్తారమ్మా. మోసేవాళ్ళు దగ్గిరగా ఉంటారు. ఆ వాసన వస్తే...”

ఖాదర్‌బీ కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూసింది. “ధర్మవరంలో ఎవురో ఆయమ్మ కాడ ఉండాదంట కదన్నా, ఈయన సీసా. మీకు తెలిసినామె అంట. ఆయన ఎవురినీ అడగలేదు. నేను అడుగుతాండా.”

నిజమే. ఒకటో నంబరు పెట్టెను కొన్న మంజులత నా విద్యార్థిని. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారస్తుల ఇంటి కోడలు. కొన్ననాడే నాకు ఫోను చేసి, “మీ స్నేహితుని సీసా నా దగ్గరుంది సార్” అని సంతోషంగా చెప్పింది. నేను వెంటనే బయలుదేరాను. ఇర్షాద్ కారు దాకా వచ్చాడు.

“ఆమె ఇయ్యదు పెద్దనాయనా. ఆ పెట్టెల సెట్టంటే ఆమెకు ప్రాణం. ఎండలో మీరెందుకు కష్టపడతారు?”

“అడగకుండా ఎట్లా తెలుస్తుంది?” అన్నాను. అతడు కారు తలుపు మీది చేయి తీయడానికి కొంత సమయం పట్టింది. దుఃఖమని అనుకున్నాను.

మంజులత ఇంట్లో కింది భాగం చీరల దుకాణం, వెనుక మగ్గాలు. మేడ మీద గదిలో గోడ పొడవునా అద్దాల బీరువా ఉంది. అందులో వరుసగా సెంటు పెట్టెలు, ఒక్క సీసాకూ సీలు తీయలేదు. పై అరలో నడుమ గులాబీ పెట్టె ఉంది. దాని పక్కన నల్లపెట్టె. విషయం చెప్పగానే ఆమె కూర్చుండిపోయింది.

“ఆ ముసలాయన పోయినాడా సార్? నల్లపెట్టెలో కార్డు మీద ఆయన ఫోటో ఉండాది. చూసినారా?”

ఆమె నల్లపెట్టెలోని కార్డును బీరువా అద్దానికి ఆనించి ఉంచింది. ఫక్రుద్దీన్ ముఖమే. ఆ సెంటును అతడు చేయలేదు. చేసిన దవనం పెట్టెలో అతని ముఖం లేదు.

“ఆడోళ్ళ పెట్టెలో మొగోని ఫోటో బాగుండదని ఏయలేదంట,” అని ఆమే చెప్పింది. తరువాత నెమ్మదిగా, “సార్, మీరు అడిగితే నేను కాదనలేను. కానీ సీలు పోతే దాన్ని ఎవురూ ఒకటో నంబరు అనరు. ఇట్లాంటిది ఇంకోటి లేదు సార్” అన్నది.

ఆ మాటల నడుమ ఆమె మామగారు తిమ్మరాజు మెట్లెక్కి వచ్చాడు. వయసు నాకంటె ఎక్కువ. పనిలోనుండి లేచి వచ్చినవాడు గనుక భుజం మీద పట్టుదారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

“ఏమప్పా అయ్యవారూ, పెనుకొండ పక్రుద్దీన్ పాయనంట కదా. మంచోడు. ఉరుసుకు పోతే నా చేతికి చుక్క పెట్టకుండా పంపిచ్చినోడు కాదు. ఇంటికొస్తే మా యామె, ఏమిది గుమ్మంటాండావు, యాడికి పోయొచ్చినావు అని కొట్లాడేది.” కోడలి వైపు తిరిగాడు. “దాని వాసన ఎట్లుండాదమ్మా మంజులా?”

“నేను చూల్లేదు మామా.”

“సంవత్సరమాయ కదా తెచ్చి.”

“చూస్తే సీలు పోతాది.”

“అట్లనా.” వృద్ధుడు బీరువా ముందు నిలబడ్డాడు. “మేము నెలంతా కూసోని చీర నేస్తాము. ఒకామె కొనుక్కోని పొయ్యి, మడత విప్పకుండా అద్దాల్లో పెట్టి, ఇది కట్టేది కాదు చూసేది అంటే నాకెట్లుంటాది చెప్పు?”

“ఇది చీర కాదు మామా.”

“కాదు తల్లీ. చీరైతే పెట్టెలో పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు కడతారు.”

కింద మగ్గం చప్పుడు వినిపిస్తున్నది. మంజులత లేచి బీరువా తాళం తీసింది. గులాబీ పెట్టెను విప్పి, సీసాను బయటకు తీసి, చేతిగుడ్డలో చుట్టింది. ఇత్తడి చిలుకను మళ్లీ పెట్టెలో పెట్టి, పెట్టెను దాని చోటనే ఉంచింది.

“పెట్టె నాకుండనీండి సార్. సీసా తీస్కపోండి. ఒకటే అడుగుతా, నా కండ్ల ముందర సీలు తీయద్దండి. ఆడికి పోయినాక తీయండి.”

తీయాలన్న కోరిక నాకూ లేదు. ఆ మూతను మొదట విప్పవలసిన హక్కు ఖాదర్‌బీది. దారి పొడవునా సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అది వేడెక్కుతుందేమోనన్న భయంతో ఎండ తగలకుండా నా ఉత్తరీయం కప్పాను.

నేను చేరేసరికి స్నానం ముగిసింది. ఫక్రుద్దీన్‌ను కఫన్ మీద పరుండబెట్టి, ముడులు వేయకుండా నా కోసం వేచి ఉన్నారు. మసీదులో నమాజు చేయించే హజరత్ నా చేతిలోని గుడ్డను చూసి తల పంకించారు. సీసాను లోపలికి తీసుకువెళ్లి ఖాదర్‌బీ చేతికి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

“ఆమె బిడ్డలు సల్లగుండాల,” అన్నది.

ఆమె సీలు విప్పలేకపోయింది. ఇర్షాద్‌ను పిలిచింది. అతడు రాలేదు. నేనే విప్పి, మూత తీసి ఆమెకు అందించాను. ఆమె వాసన చూడలేదు. మూతకున్న గాజుకడ్డీని నా చేతి వెనుకకు తాకించింది. ఆ ఇంటి అలవాటు అది. మనిషి ఇంట్లో శవమై ఉన్నా ఆ అలవాటు తప్పలేదు.

“ఆరనీ అన్నా,” అన్నది.

ఆరనిచ్చాను. చేతిని ముఖం దగ్గరకు తీసుకున్నాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను. జిడ్డుగా ఉన్న నూనె, దానికి పచ్చగా వేసిన రంగు. తలకు రాసుకునే నూనెకైనా అంతకంటె వాసన ఉంటుంది.

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. సీసాను వెలుతురుకు ఎత్తి తానూ చూసింది. అప్పుడు పిలవకుండానే ఇర్షాద్ గడప దాటి లోపలికి వచ్చి, తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

“అది సాలలేదమ్మా. ఉండే అత్తరు అన్ని పెట్టెలకూ సాలలేదు. నాయన సీసాలోది గూడా కంపెనీవాళ్ళు ఆ స్ప్రేల్లోకి కలిపేసినారు. ఒకటో నంబరుది ఎవురూ తెరవరు, కొన్నోళ్ళు బొమ్మ మాదిరి పెట్టుకుంటారు, దాంట్లో ఏముంటే ఏమి అన్నారు. నేనే నింపితి. నా చేత్తోనే నింపితి.”

“పొద్దున నేను పోతున్నప్పుడు చెప్పలేకపోయావా?” అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటె కఠినంగా వచ్చింది.

“నోరు రాలేదు పెద్దనాయనా. ఆమె ఇయ్యనంటే బాగుండునని చూస్తాంటి. ఆమె ఇయ్యలేదు, ఆమెదే తప్పని అమ్మ అనుకుంటాది కదా అని...”

ఖాదర్‌బీ అతణ్ణి తిట్టలేదు. ఎన్ని పెట్టెలు పోయాయని కూడా అడగలేదు.

“అయితే మీ నాయన వాసన ఊరూరా పోయిందన్నమాట,” అన్నది. “అందరిండ్లలో ఉండాది. ఈడ లేదు.”

బయటనుండి హజరత్ గొంతు సవరించుకున్నారు. నమాజు వేళ దగ్గరపడుతున్నది. ఇర్షాద్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నాకు చేయవలసింది ఏదీ తోచలేదు. ఇంత చదివినవాణ్ణి, ఇంత దూరం పోయి వచ్చినవాణ్ణి, చేతి వెనుక జిడ్డు తుడుచుకుంటూ నిలబడ్డాను.

అప్పుడామె తన చీరకొంగు ముడి విప్పింది. చిన్న ముడి, ఉదయం నుండి పిడికిట్లోనే ఉంచుకుంది. దానిలో వేరుసెనగ గింజంత దూది ఉంది.

“స్నానానికి ముందర చెవులోంచి తీసి హజరత్ నాకిచ్చినాడు, పారేయమని. నేను పారేయలేదన్నా.” నా వైపు ఎత్తిన కళ్లలో ఏదో నేరం చేసిన బెదురు కనిపించింది. “మొగుడు పోయిన ఆడది నాలుగు నెల్ల పదిదినాలు ఇద్దత్‌లో ఉండాల. అత్తరు ముట్టకూడదు. నాకు తెలుసు. అయినా దాసుకుంటి. ఇద్దత్ అయినాక తీసి సూసుకుందామని దాసుకుంటి.”

“నీ దగ్గర ఉండనీ ఖాదర్‌బీ,” అన్నాను. “సగమైనా ఉంచుకో.”

“సగం చేసేంత ఉండాదా అన్నా దాంట్లో?”

ఆమె లేచింది. బంధువులు పక్కకు తప్పుకున్నారు. భర్త తల దగ్గర కూర్చుని, ఆ ఎండిన దూదిని అతని నుదుటికి తాకించింది. ముక్కుకు, అరచేతులకు, మోకాళ్లకు, పాదాలకు తాకించింది. ఎక్కడా తడి అంటలేదు. కాని ఆ ముంగిట్లో, అగరువత్తుల పొగను దాటి, ఒక్క క్షణం నాకు దవనం తెలిసింది. హజరత్‌కు కూడా తెలిసి ఉండాలి, ఆయన కళ్లు మూసుకున్నారు. నవ్విన వారెవరూ లేరు. ఆమె దూదిని అతని కుడి చెవి మడతలో, ఎప్పుడూ ఉండే చోటనే పెట్టి, కఫన్ అంచును ముఖం మీదికి లాగింది. ముడులు వేశారు.

మోసుకుపోవడానికి శవాన్ని ఉంచిన జనాజా మంచాన్ని ఎత్తినప్పుడు ముందు కొమ్ము ఇర్షాద్‌ది. ఒక్క నిమిషం ఆగమని తల్లి చేయి ఎత్తింది. నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లి నిలబడి, దూది పట్టుకున్న రెండు వేళ్లను దూరంగా చాచి పట్టుకుంది, ముఖానికి ఎక్కడ తగులుతాయోనన్నట్లు.

“సబ్బు తీస్కరా,” అన్నది కొడుకుతో. “నీళ్ళు పొయ్యి. ఇంకా నా చేతికి ఉండాది.”

ఇర్షాద్ తన చోటు నాకు అప్పగించి వెళ్లి, చెంబుతో నీళ్లు పోశాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని వేళ్లు రుద్దుకుంది. ఒకసారి కడిగి, కొడుకు వైపు చేతులు చాపి అడిగింది.

“చూడు, పోయిందా?”

అతడు వంగి తల్లి చేతులు వాసన చూశాడు. మళ్లీ చెంబు ముంచాడు. ఆమె మళ్లీ సబ్బు అందుకుంది.